మా బావ చెప్పిన ముప్పై ఒక్క సంగతులు

మా బావకు "బాగుంది" అనడం చేతకాదు. నత్తి లేదు, ఎవరిమీదా అసూయ లేదు. కానీ ఎవరైనా ఒక పాట వినిపిస్తే ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గర ఏం జరిగిందో, అక్కడ ఏం జరిగి ఉండాల్సిందో విడమరిచి చెప్పేదాకా ఆయనకు ముద్ద దిగదు. చెప్పాక ఆ పాట చేసినవాళ్లకు దిగదు.

ఈ విషయం నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆయన చెప్పిన ప్రతి మాటా టైపు చేసింది నేనే. ఒక వకీలు గారి ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం దొరికి, ఆరేళ్లు మా అక్కా వాళ్లింట్లో ఉన్నాను. పగలంతా కోర్టు కాగితాలు, సాయంత్రం ఆరు నుంచి మా బావ కాగితాలు. కోర్టు కాగితాల్లో కాస్త దయ కనిపించేది.

బావ వృత్తి లిఫ్టులు బాగుచేయడం. ఇరవై ఆరేళ్ల సర్వీసు. తలుపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "పై నుంచి మూడో రోలరు అరిగింది" అనేవాడు. పైకెక్కి చూస్తే పై నుంచి మూడోదే అరిగి ఉండేది. అలాంటి చెవి ఉన్న మనిషి లిఫ్టుల దగ్గరే ఆగిపోయి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయేది. ఇరవై ఆరేళ్లు లిఫ్టు గోతుల మీద వేలాడినా చిన్న గీరు కూడా పడని ఆయన, సొంత ఇంట్లో స్నానాల గదిలో సబ్బు మీద కాలేసి కాలు విరగ్గొట్టుకున్నాడు. కథ అక్కడ మొదలైంది.

ఆరు వారాలు మంచం దిగకూడదన్నారు. పొద్దుపోక గోడగడియారం మీద విమర్శలు మొదలుపెడితే, తోటి మెకానిక్ ఒకాయన జాలిపడి ఒక పాత వీడియో గేమ్ తెచ్చిచ్చాడు. అందులో కత్తి పట్టుకున్న వీరుడొకడు ఉంటాడు. వాడు చెరువు దాటి, కోటలోకి వెళ్లి, ఎవరినో విడిపించాలి. మా బావ చెరువు దాకా వెళ్లాడు. అక్కడ వెనకాల వచ్చే సంగీతం మారింది. అంతే, వీరుణ్ని గట్టు మీద నిలబెట్టి వింటూ కూర్చున్నాడు. చెరువులోంచి ఒక పీత వచ్చి వీరుణ్ని చంపేసింది. బావ మళ్లీ మొదటి నుంచి వచ్చి, మళ్లీ అక్కడే నిలబడ్డాడు. పీత మళ్లీ వచ్చింది.

"పారిపోవచ్చు కదా బావా?" అన్నాను చూడలేక.

"పారిపోతే పాట మారిపోతుంది."

"పోనీ పీతను చంపొచ్చుగా?"

"అది కత్తెర ఆడించే శబ్దం పాటలో తాళానికి సరిపోతోంది. వింటున్నావా, లేదా?"

ఆరు వారాల్లో ఆయన ఆ పీత చేతిలో ఎన్నిసార్లు చచ్చాడో లెక్కలేదు. కోట మాత్రం ఈనాటికీ చూడలేదు.

కాలు కట్టు విప్పాక ఆ చెరువు పాట కోసం కంప్యూటర్లో వెతికితే ఒక సైటు దొరికింది. పాత వీడియో గేముల్లోని పాటలంటే ప్రాణం పెట్టే అభిమానులు, వాటిని తమ పద్ధతిలో మళ్లీ కట్టి అక్కడ పెడతారు. వాళ్లలో సంగీత విద్వాంసులు ఎవరూ లేరు. పళ్ల డాక్టర్లు, రైలు టికెట్ల గుమాస్తాలు, రొట్టెలు కాల్చేవాళ్లు. వయొలిన్ వాయించడం రాదు, వాయించేవాళ్లను పిలిచే స్తోమత లేదు. అందుకని శాంపిల్స్ వాడతారు. అంటే, ఎవరో వాద్యకారుడు ఒక్కొక్క స్వరమే వాయించి రికార్డు చేసి పెట్టిన ముక్కలన్నమాట. మీట నొక్కితే ముక్క మోగుతుంది. ఆ ముక్కలు వేలకొద్దీ అతికించి, పడగ్గదిలో ఒంటరిగా కూర్చుని అరవై మంది వాద్యబృందాన్ని తయారుచేస్తారు. కింద ఎవరైనా అభిప్రాయం రాయడానికి ఒక ఖాళీ గడి ఉంటుంది. ఆ ఖాళీ గడి మా బావ కళ్లపడటం ఒక చారిత్రక దుర్ఘటన.

ఆయన ఒక్క వేలితో టైపు చేస్తాడు. అందుకని నన్ను కూర్చోబెట్టాడు.

"రాయి. ఒక నిమిషం పన్నెండో సెకను. వేణువు మొదలైంది."

"రాశాను."

"ఒక నిమిషం యాభై ఆరు. వేణువు ఇంకా మోగుతూనే ఉంది."

"రాశాను."

"ఈ నలభై నాలుగు సెకన్లలో వాయించేవాడు ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు. ఈపాటికి వాణ్ని ఆసుపత్రిలో చేర్చి ఉండాలి."

"వాయించేవాడు ఎవడూ లేడు కదా బావా. కంప్యూటరే కదా?"

"అదే రాయి. వాయించేవాడు లేడని తెలిసిపోతోందని రాయి."

తర్వాత డ్రమ్ము. ముప్పై రెండు దెబ్బలూ ఒకే ముక్కను ముప్పై రెండుసార్లు అతికించినవి. "మనిషి అన్నవాడు రెండు దెబ్బలు ఒకేలా కొట్టలేడు. మీ డ్రమ్ములాయన మేకులు దిగ్గొడుతున్నాడు." తర్వాత గది. "వయొలిన్లు గుహలో ఉన్నాయి, పియానో బట్టల బీరువాలో ఉంది, బాకా పక్కింట్లో ఉంది. అందరినీ ఒక గదిలోకి పిలిచి కూర్చోబెట్టండి." మూడు నిమిషాల పాటకు నాలుగు పేజీలు అయింది.

నాకు పాపమనిపించి అక్కడక్కడా "దయచేసి" అని కలిపాను. ఆయన చివర్లో చదివించుకున్నాడు.

"ఈ దయచేసి ఎన్నో సెకను దగ్గరుంది?"

"అది పాటలోది కాదు బావా. మర్యాదకి నేనే..."

"పాటలో లేనిది మనం రాయకూడదు. తీసెయ్."

ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన వాటిని తప్పులు అననిచ్చేవాడు కాదు. "సంగతులు అను" అనేవాడు. పేరు మారినంత మాత్రాన దెబ్బ తగ్గదని నా అభిప్రాయం.

ఈ అలవాటు సైటు దగ్గర ఆగలేదు. మా అక్క ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఒకరోజు ఆయన తడి బూట్లతో వచ్చి కుట్టిన పెళ్లిగౌను మీద సంచీ పెట్టాడు. అక్క మిషను ఆపి లేచి, ఆపకుండా తిట్టింది. ఆయన బుద్ధిగా తలొంచుకుని అంతా విన్నాడు. అయిపోయాక అన్నాడు.

"మొదలు చాలా ధాటిగా ఎత్తుకున్నావు. కానీ మా అమ్మ ప్రస్తావన తొందరగా తెచ్చేశావు. దాన్ని చివరికి దాచుకుని ఉంటే..."

"ఏవండీ, మీరు లోపలికి వెళ్తారా, కత్తెర తియ్యమంటారా?"

"చూశావా, ఇప్పుడు సరిగ్గా ఆగింది!" అని నాతో అన్నాడు. అక్క నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. పదిహేనేళ్ల కాపురంలో వాళ్లిద్దరి గొడవ ఒక్కటి కూడా తీర్పు దాకా రాలేదు. సమీక్ష దగ్గరే ఆగిపోయేది.

టెలిఫోను ఆఫీసువాళ్లు కూడా తప్పించుకోలేదు. లైను చెడిపోయిందని పక్కింటి ఫోను నుంచి చేస్తే "దయచేసి వేచి ఉండండి" అని ఒక పాట వేశారు. ఇరవై నిమిషాల తర్వాత ఒకమ్మాయి పలికింది.

"చెప్పండి సార్, మీ సమస్య ఏంటి?"

"అమ్మా, ఒక్క క్షణం. మళ్లీ ఆ పాట దగ్గరికే పంపించండి. చివర అతుకు దగ్గర టక్కుమంటోంది, నలభయ్యో సెకనా, నలభై ఒకటా అని తేలలేదు."

ఆ అమ్మాయి నిజంగానే పంపించేసింది. మాకు పదకొండు రోజులు ఫోను లేదు.

రెండేళ్లు గడిచేసరికి సైటులో ఆయన పేరు మోగిపోయింది. అక్కడ ఎవరూ సొంత పేరు పెట్టుకోరు. ఈయన "లిఫ్టు మనిషి" అని పెట్టుకున్నాడు. చాటుగా వాళ్లు పెట్టుకున్న పేర్లు వేరే ఉన్నాయి, ఇక్కడ రాయదగ్గవి కావు. సైటును నడిపేది రిటైరైన లైబ్రేరియన్ ఒకావిడ. లైబ్రరీలో నలభై ఏళ్లు జనాన్ని మాట్లాడవద్దని చెప్పి, ఇప్పుడు మాట్లాడమని గడులు పెట్టిన మహాతల్లి. ఆవిడకు మా బావ మీద ఫిర్యాదులు వస్తూండేవి. అందులో ముందుండేవాడు "ఒంటికన్ను డేగ" అనే పెద్దమనిషి. పళ్ల డాక్టరట. సైటులో బాగా పలుకుబడి ఉన్నవాడు. ఆయన ఏ పాట పెట్టినా గంటలో వందమంది చప్పట్లు కొట్టేవాళ్లు.

అలా ఉండగా "నీలి బకెట్" అన్న పేరుతో ఎవరో కొత్త మనిషి ఒక పాట పెట్టారు. కోటలోపల వచ్చే పాటట, మా బావ ఎన్నడూ చేరని కోట. వారం రోజులైనా దాని కింద ఒక్క అక్షరం లేదు. ఎనిమిదో రోజు సాయంత్రం మా బావ కుర్చీ లాక్కున్నాడు.

ఆ రోజు ముప్పై ఒక్క సంగతులు చెప్పాడు. నా వేళ్లు వాచాయి. పదిహేడో సంగతి దగ్గర నేను ఆగిపోయాను.

"మళ్లీ చెప్పు బావా."

"ఒక నిమిషం ఎనిమిదో సెకను నుంచి మోగే పెద్ద డ్రమ్ము శాంపిలు మీకు ఎక్కడ దొరికిందో గానీ, దాని బేరింగు పోయింది. ఆలస్యం చేయకుండా ఎవరికైనా చూపించండి."

"డ్రమ్ముకి బేరింగులుంటాయా?"

"ఉండవు."

"మరి?"

"నాకు వినపడింది నేను చెప్తున్నా. వాళ్లకు తెలుస్తుంది. రాయి."

రాశాను. మర్నాడు పొద్దున చూస్తే పాట లేదు. నీలి బకెట్ దాన్ని తీసేసింది. ఒక్క ముక్క రాయలేదు, సైటువైపు రాలేదు.

ఇక గొడవ చూడాలి. ఒంటికన్ను డేగ విజృంభించాడు. "ఒక కొత్త కళాకారుణ్ని మొగ్గలోనే తుంచేశారు! బేరింగులట! ఇది సంగీతమా, కార్ఖానానా?" అని రాశాడు. కింద నలభై మంది సంతకాలు పెట్టారు. సాయంత్రానికి లైబ్రేరియన్ గారి ఫోను వచ్చింది.

"చూడండి, మీ చెవిని నేను తప్పు పట్టను. కానీ మనుషులు జడుసుకుంటున్నారు. కొన్నాళ్లపాటు మంచిమాటలు మాత్రమే రాయండి. లేదంటే అసలు రాయకండి."

"మంచిమాటలంటే ఎలాంటివండీ?" అని బావ నిజంగానే అడిగాడు.

"బాగుంది అనండి. చాలు."

ఆయన ఫోను పెట్టేసి చాలాసేపు గోడగడియారం వైపు చూశాడు. తర్వాత నన్ను పిలిచి, నీలి బకెట్‌కు రాసిన ఉత్తరం చదవమన్నాడు. ముప్పై ఒక్కటీ చదివాను.

"ఇందులో కఠినంగా ఎక్కడుంది?"

"అన్నిచోట్లా ఉంది బావా."

"ముప్పై ఒకటోదో?"

అందులో ఇలా ఉంది: "చివరి పదకొండు సెకన్లలో వయొలిన్లన్నీ తగ్గిపోయి ఒక్క గంట మిగిలేచోట మార్చవలసింది ఏమీ లేదు. మీరు కూడా అక్కడ చెయ్యి పెట్టకండి."

"అది పొగడ్త కాదా?" అన్నాడు.

"పొగడ్తే. కానీ ముప్పై దెబ్బలు తిన్నాక ఎవరైనా అక్కడిదాకా పాక్కుంటూ వస్తారా?"

ఆయన ఆ తర్వాత నాలుగు నెలలపాటు పొద్దున టీ తాగేముందు ఒకసారి, తాగాక ఒకసారి నీలి బకెట్ తిరిగొచ్చిందేమో చూసేవాడు. అంతకుమించి బాధపడినట్టు నాకు ఆధారాలు దొరకలేదు.

మర్నాటి నుంచి మా బావ "బాగుంది" అని రాయడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాట టైపు చేయడానికి నన్ను పిలిచేవాడు కాదు, ఒక్క వేలితో తనే కొట్టేవాడు. నాకు సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. అక్క దగ్గర గుండీలు కుట్టడం నేర్చుకున్నాను.

పదిరోజులు తిరిగేసరికి సైటులో కలకలం మొదలైంది. లిఫ్టు మనిషి తమ పాటకు "బాగుంది" అని రాశాడంటే, ఇక చెప్పడానికి కూడా పనికిరానంత ఘోరంగా ఉందని అర్థం చేసుకున్నారు. రొట్టెలు కాల్చే ఆయన చాటుగా ఉత్తరం రాశాడు. "సార్, నేను తట్టుకోగలను. నిజం చెప్పండి." బావ జవాబు: "నిజంగా బాగుంది." ఆయన నుంచి వెంటనే ఇంకో ఉత్తరం. "అంత కోపం తెప్పించే పని నేనేం చేశాను?"

టికెట్ల గుమాస్తా ఏకంగా ఇంటి చిరునామా కనుక్కుని వచ్చేశాడు. గుమ్మంలో నిలబడి చెవికి పెట్టుకునేవి చేతికిచ్చి, "రెండో నిమిషం దగ్గర నాకేదో తేడాగా ఉందండీ. మీరు ఒక్కసారి విని చెప్తే వెళ్లిపోతాను" అన్నాడు.

"లైబ్రేరియన్ గారు వద్దన్నారండి."

"రాయొద్దన్నారు గానీ, నోటితో చెప్పొద్దన్నారా?"

బావ ముఖం వెలిగిపోయింది. గుమాస్తా రెండు గంటల తర్వాత వెళ్లాడు, తొమ్మిది సంగతులతో. ఆ తర్వాత చాటుగా వచ్చే ఉత్తరాలు పెరిగి, నా గుండీల చదువు మధ్యలో ఆగిపోయింది. అందులో ఒకటి ఒంటికన్ను డేగ రాసింది. "మన మధ్య ఉన్న విభేదాలు అటుంచి, జతచేసిన పాటలో బాకాలు కాస్త పిప్పిపన్నులా జివ్వుమంటున్నాయని నా అనుమానం. ఎవరికీ చెప్పకుండా ఒకసారి విని చెప్పగలరా?" అని.

"ఈయనకు చప్పట్లు కొట్టేవాళ్లు వందమంది ఉన్నారు కదా?" అన్నాను.

"వాళ్లు చప్పట్లలో ఉన్నారు. బాకాలు ఎవరు విన్నారు?" అన్నాడు బావ. మూడు సంగతులే చెప్పాడు. మూడూ పన్నుకు సంబంధించినవే.

ఈ మధ్యలో లైబ్రేరియన్ గారు ఆయన్ను సైటులో ఉంచాలా, పంపెయ్యాలా అన్నది తేల్చడానికి పాత రాతలన్నీ బయటికి తీశారు. ఒక శనివారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. బావ డ్యూటీలో ఉన్నాడు. నేను ఎత్తాను.

"టైపు చేసేది నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ. తిట్లన్నీ ఆయనవే."

"మీ బావగారు ఇప్పటికి రెండు వందల పద్నాలుగు పాటల గురించి రాశారు. వాటన్నిటిలో ఒకటే పోలిక ఉంది. గమనించావా?"

"అన్నీ పొడుగ్గా ఉంటాయండీ."

"అది కాదమ్మా. ఆయన రాసేనాటికి వాటిలో ఒక్కదాని కింద కూడా ఎవరూ ఏమీ రాయలేదు. వారం పైబడి అలా పడున్నవే తీసుకున్నారు. పేరున్నవాళ్ల పాట ఒక్కటీ ముట్టుకోలేదు. ఇంకో లెక్క చూడు. పాట ఎన్నిసార్లు విన్నారో మాకు తెలుస్తుంది. నీలి బకెట్ పాట నలభై ఒక్కసార్లు విన్నారు. అందులో ముప్పై తొమ్మిది మీ ఇంటి నుంచే."

నేను టైపిస్టును. చేతికొచ్చింది కొట్టడమే గానీ, ఏది ఎందుకు వచ్చిందని అడిగే అలవాటు లేదు. బావ ఇంటికొచ్చాక అడిగాను.

"ఎవరూ రాయనివాటికే ఎందుకు రాస్తావు బావా?"

ఆయన దొంగతనం బయటపడ్డట్టు బూట్లవైపు చూశాడు. "వారమైనా ఎవరూ పలకరించలేదు కదా అని పలకరించి వస్తున్నాను. అంతే."

"నాలుగు పేజీల పలకరింపా?"

"ఊరికే బాగుంది అని వచ్చేస్తే విన్నామని వాళ్లకెలా తెలుస్తుంది?"

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క ఆయనకు రెండోసారి అడగకుండానే వడ్డించింది. కారణం చెప్పలేదు. ఆయన అడగలేదు.

నిషేధం ఎత్తేస్తున్నట్టు సోమవారం కబురొచ్చింది. మంగళవారం ఇంకో ఫోను. వెనకాల ఏవో యంత్రాలు తిరుగుతున్న హోరులో ఒకావిడ గొంతు పెద్దగా వినిపించింది.

"హలో! బేరింగు ఆయన ఉన్నారా?"

బావకు ఇచ్చి, నేను కూడా చెవి పక్కనే పెట్టాను.

"నేనండీ, నీలి బకెట్‌ని. లైబ్రేరియన్ గారు నంబరిచ్చారు. మాది బట్టలుతికే దుకాణం. తొమ్మిది మిషన్లున్నాయి. ఆ డ్రమ్ము ఎక్కడిదన్నారు కదా, అది మా నాలుగో నంబరు మిషనండి. బట్టలు పిండేటప్పుడు గుమ్మ్ గుమ్మ్ అంటుంటే ఫోనులో రికార్డు చేసి వాడుకున్నా. మీ ఉత్తరం చూసి నవ్వుకున్నా. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి చేత్తో తిప్పి చూశా. లోపల గరగరమంది. మెకానిక్కును పిలిస్తే, ఇంకో వారం ఉంటే తొట్టి పగిలి దుకాణమంతా చెరువయ్యేది అన్నాడు."

బావ కళ్లు మూసుకున్నాడు. ఆనందం వస్తే ఆయన చేసేది అదొక్కటే. "మరి పాట ఎందుకు తీసేశారమ్మా?"

"సరిచేద్దామని తీశానండీ! ఉన్నది ముప్పై పనులాయె. దుకాణంలో నేనొక్కదాన్నే, బట్టలకీ బట్టలకీ మధ్యలోనే కదా చేసుకోవాలి. అక్కడ నా గురించి కొట్టుకున్నారని నిన్ననే తెలిసింది."

"ఉత్తరం మరీ కఠినంగా ఉందని మా మరదలు..."

"నేను ఏదైనా కింద నుంచి చదువుతానండీ. ముందు ముప్పై ఒకటోదే చూశాను. ఇక పైవన్నీ చదవబుద్ధేసింది." ఆవిడ గొంతు ఒక్కసారిగా మారింది. "అదంతా సరేగానీ, మీరు చేసిన పని బాగాలేదు. మిషను బాగైంది, ఇప్పుడది చప్పుడే చేయట్లేదు. పాటలో ఇరవై తొమ్మిది సంగతులు సరిచేశా, డ్రమ్ము లేదు. కొన్న శాంపిల్స్ ఏవీ దానికి సాటిరావట్లేదు. నా డ్రమ్ము పోగొట్టింది మీరు. ఇప్పుడేం చేయమంటారు?"

బావ జీవితంలో మొదటిసారి ఒకరి ఫిర్యాదు పూర్తిగా న్యాయంగా ఉంది.

"మిగతా ఎనిమిది మిషన్లూ ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయండీ."

"అలా అనకూడదమ్మా. ఆదివారం వచ్చి వింటాను."

బస్సులో రెండు గంటల దారి. బావ పనిముట్ల సంచీ తీసుకున్నాడు, నేను కాగితాలు తీసుకున్నాను. అక్క ఇంట్లో ఉన్న పరదాలన్నీ పీకి మూట కట్టింది. "ఎలాగూ బట్టలుతికే చోటికే కదా" అంది.

నీలి బకెట్ గారు యాభై దాటిన మనిషి. పొట్టిగా, చేతులు మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి. దుకాణం వెనక గదిలో, సబ్బుపొడి డబ్బాల మధ్య పాత కంప్యూటరూ, చిన్న కీబోర్డూ ఉన్నాయి. ఆమెకూ సంగీతం ఎవరూ నేర్పలేదట. చెల్లెలి పిల్లలు వదిలేసిన గేమ్ ఒకటి ఆడుతూ ఇందులో పడ్డానంది. కోట దాకా వెళ్లారా అని బావ భక్తిగా అడిగాడు. రెండుసార్లు గెలిచానంది. అప్పటి నుంచి ఆయన ఆవిణ్ని "మీరు" నుంచి "తమరు"కు పెంచాడు.

తర్వాత మిషన్ల పరీక్ష మొదలైంది. బావ ఒక్కో మిషను ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపుకి చెవి ఆనించాడు. ఉతికిన బట్టల కోసం కూర్చున్న ఇద్దరు గిరాకీలు లేచి కాస్త దూరంగా నిలబడ్డారు.

"ఒకటో నంబరుకి జలుబు చేసింది. రెండోది నసుగుతోంది. మూడోది మంచి మనిషి, కానీ నిదానం. అయిదు... అయిదు వద్దు."

"అయిదుకేమైందండీ?" అంది ఆవిడ కంగారుగా.

"బెల్టు వదులైంది. డ్రమ్ముగా పనికిరాదు, బెల్టు మాత్రం నేను బిగించి వెళ్తా."

ఎనిమిదీ అయిపోయాయి, ఒక్కటీ నచ్చలేదు. ఆవిడ ముఖం వాలిపోయింది. బావ కూడా నేల మీదే కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడు, మా అక్క పరదాలు వేసిన ఏడో నంబరు మిషను పిండడం మొదలుపెట్టింది. లోపలి నుంచి ఝణంగుమని ఒక దెబ్బ, వెంటనే గుమ్మ్‌మని ఇంకొకటి. మళ్లీ ఝణంగ్. ఏ రెండూ ఒకేలా లేవు.

బావ చెయ్యి పైకెత్తాడు. దుకాణంలో అందరూ ఊపిరి బిగబట్టారు. అక్క ఒక్కతే అరిచింది.

"అయ్యో! నా పరదా ఉంగరాలు! తీయడం మరిచిపోయాను. ఆపండి, ఆపండి!"

"ఆపొద్దు!" అన్నారు బావా, నీలి బకెట్ గారూ ఒకే గొంతుతో.

ఆ పరదాలు ఆ రోజు పదకొండుసార్లు తిరిగాయి. ఆవిడ రికార్డు చేస్తూ, బావ పరదా కడ్డీకి ఎక్కించే ఆ ఉంగరాలు రెండు తగ్గిస్తూ, ఒకటి పెంచుతూ, ఇద్దరూ కీచులాడుకుంటూ సాయంత్రం చేశారు. పరదాలు ఇంటికొచ్చాక కిటికీకి ఇటు నుంచి అవతల అంతా కనిపించేంత పల్చబడ్డాయి. అక్క ఆ విషయం మీద ఇంకా మాట్లాడుతూనే ఉంది. ధాటి ఏమాత్రం తగ్గలేదని బావ అభిప్రాయం.

మూడు వారాలకు పాట సైటులోకి వచ్చింది. అందరికంటే ముందు చూసింది నేనే. కింద వాద్యకారుల జాబితాలో "పెద్ద డ్రమ్ము: ఏడో నంబరు మిషను, పరదా ఉంగరాలతో" అని రాసి ఉంది. సాయంత్రం బావ వస్తూనే కుర్చీ లాగి ఇచ్చాను.

"చెప్పు బావా. రాసుకుంటాను."

"నేను చెప్పకూడదు. అందులో నా చెయ్యి ఉంది, మీ అక్క ఉంగరాలున్నాయి. నువ్వు విని నువ్వే రాయి."

"నాకేం తెలుసు? నేను టైపిస్టును."

"చెవులున్నాయిగా" అని ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మొదటిసారి వింటే హాయిగా ఉంది, అంతకంటే ఏమీ తెలియలేదు. మూడోసారికి వేణువు ఊపిరి తీసుకుంటున్నట్టు తెలిసింది. ఆరోసారికి, ఆ ఊపిరి తీసుకునే చోట ఆవిడ కూడా ఊపిరి తీసుకుని మీట నొక్కి ఉంటుందని తోచింది. పదోసారి వింటున్నప్పుడు రెండు నిమిషాల నలభయ్యో సెకను దగ్గర ఉంగరాలు వేణువుకంటే రవ్వంత ముందు పడ్డాయి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మళ్లీ పెట్టాను. మళ్లీ ముందే పడ్డాయి. అంత సంతోషం నాకు జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

ఏడు సంగతులు రాసి, భయపడుతూనే పంపించాను. గంటలో జవాబొచ్చింది.

"పదిసార్లు విన్నారని తెలుస్తోంది, చాలా సంతోషం. మీ అయిదో సంగతి మాత్రం ఒప్పుకోను. అది ఉత్తరాల్లో తేలేది కాదు. ఆదివారం రండి, తేల్చుకుందాం."

బయటికి చదివాను. పక్కగదిలోంచి బరబరా ఏదో లాగుతున్న చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే, అక్క మంచాల మీది దుప్పట్లు మూట కడుతోంది.